నరంలోకా, నేరుగా గడ్డలోకా?

పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్లు ఊపిరితిత్తుల క్యాన్సర్ అనగానే విశాఖ బండెక్కుతారు. ఆపరేషన్‌కు ముందు ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) అని అక్కడ డాక్టరు అంటే, అది ఎక్కువగా సెలైన్‌లా నరంలోకి ఎక్కించేదే. ఉదాహరణకు నివోలుమాబ్ అనే అలాంటి మందుని కీమోతో కలిపి మూడు వారాలకోసారి, మూడు విడతలు. అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. ట్రయల్‌లో 24 శాతం మందికి, కోసి తీసిన ముక్కలో బతికున్న క్యాన్సర్ కణమే దొరకలేదు. ఒట్టి కీమోతో 2 శాతమే. కాకపోతే మందు ఒళ్లంతా తిరుగుతుంది, థైరాయిడ్‌నో పేగులనో పట్టొచ్చు.

గడ్డలోకే ఇచ్చేదైతే, బ్రాంకోస్కోపు అనే సన్నటి గొట్టాన్ని నోట్లోంచి ఊపిరి దారిలోకి దించి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చుతారు. తక్కువ మందుతో పని జరగాలని ఆశ. అంచునున్న గడ్డ గొట్టానికి అందదు; ఛాతీ మీంచి గుచ్చితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరొచ్చు. పైగా ఇంకా ప్రయోగదశే. ఇవాళ్టికి నా ఓటు నరానికే. ‘కొత్త సూది’ అని ఎవరైనా డబ్బడిగితే ముందు ట్రయల్ కాగితాలు చూపించమనండి.