మా అమ్మ సంతకం: తెనాలిలో ఒక లేడీ లాయర్ గారి ఆఫీసు గురించి నా రివ్యూ

పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల వాటా గురించి ఎవర్ని అడగాలో తెలియక తిరిగేవాళ్ళ కోసం రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మా తాతయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. 3 ఎకరాల మాగాణి, వాళ్ళ నాన్న నుంచి వచ్చిందే. అమ్మమ్మ ముందే పోయింది, తాతయ్య 2011లో పోయారు, వీలునామా లేదు, పంపకాలూ కాలేదు. మామయ్యలిద్దరే కౌలుకిచ్చుకుంటా వచ్చారు, అమ్మ ఏనాడూ అడగలేదు. పోయినేడాది పొలానికి బేరం వచ్చింది, కొనేవాళ్ళు ఆడపడుచు సంతకం కూడా కావాలన్నారంట, దాంతో పెద్దమామయ్య హక్కు విడుదల పత్రం రాయించుకుని ఇంటికొచ్చాడు. "నా సోదరుల మీద ఉన్న ప్రేమాభిమానాలతో నా హక్కును వదులుకుంటున్నాను" అని టైపు చేసి ఉంది అందులో. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని పెన్ను చేతిలోకి తీసుకుంది కూడా. 1979లో తన పెళ్ళికి 12 వేలు కట్నం, 6 కాసుల బంగారం ఇచ్చారు, "ఇంకేముందే మనకి, రాకపోకలుంటే చాలు" అంటది. నేనే మామయ్యని బతిమాలి రెండు రోజులు టైమ్ అడిగా.

తెలిసినావిడ చెబితే ఈ లాయర్ గారి దగ్గరికి వెళ్ళాం. కోర్టు వీధిలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ళ నొప్పులతో అమ్మ మూడుసార్లు ఆగి ఎక్కింది. లోపలికెళ్ళి నేను గబగబా మొదలుపెట్టా, మేడమ్ చెయ్యెత్తి ఆపేశారు. "మీరు కాసేపు ఆగండమ్మా, అమ్మగార్ని చెప్పనివ్వండి" అని కుర్చీ అమ్మ వైపు తిప్పుకున్నారు. అమ్మ పమిట కొంగు చివర మడతేస్తా విప్పుతా చాలాసేపు మాట్లాడలేదు, ఆవిడా తొందరపెట్టలేదు. చివరికి అడిగింది, "నా పెళ్ళి 79లో అయింది, మాకు రాదంట కదా మేడమ్?" అని.

నిజంగా చెప్తున్నా, అరవై ఐదేళ్ళ మా అమ్మని ఆస్తి విషయంలో నువ్వేమంటావ్ అని అడిగిన మొదటి మనిషి ఈవిడే. నాన్న అడగలేదు, తాతయ్య అడగలేదు, నేనూ అంతకు ముందు అడగలేదు.

మేడమ్ తెల్లకాగితం తీసుకుని సంవత్సరాలు రాసుకుంటా చెప్పారు. 1956 హిందూ వారసత్వ చట్టంలో తండ్రి సొంత సంపాదనలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చారు కానీ తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉంచారు. ఆ మాత్రం రావడానికే, పెళ్ళి, ఆస్తి లాంటి హిందూ చట్టాల్ని మార్చే హిందూ కోడ్ బిల్లు మీద ఏళ్ళ తరబడి గొడవ, బిల్లుని పక్కన పెట్టేశారన్నది కూడా ఒక ముఖ్య కారణంగా 1951లో అంబేద్కర్ గారు మంత్రి పదవే వదులుకున్నారు. తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికీ పుట్టుకతో హక్కు అని దేశంలో ముందు రాసుకుంది మన ఆంధ్రప్రదేశే, ఎన్టీఆర్ గారి టైములో, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన వెనకే వచ్చాయి. కానీ మన చట్టంలో ఒక మెలిక, ఆ తేదీకి ముందు పెళ్ళైన కూతుళ్ళకి వర్తించదు. అమ్మ విన్నది ఇదే, మామయ్య చెప్పిందీ ఇదే, ఆయనా అబద్ధం చెప్పలేదు. ఊళ్ళల్లో ఇప్పటికీ ఇదే మాట తిరుగుతా ఉంది.

1956 చట్టానికి కేంద్రం చేసి, 2005 సెప్టెంబర్ 9 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణలో ఆ పెళ్ళి మెలిక లేదు. పెళ్ళి ఎప్పుడైనా కూతురు కూతురే. 2004 డిసెంబర్ 20కి ముందే పంపకాలు రిజిస్టర్ అయిపోయి ఉంటే మాత్రం అవి కదలవు. 2005లో సవరణ వచ్చిన తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అని ఇంకో పదిహేనేళ్ళు కోర్టుల్లో నడిచి, 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అక్కర్లేదు అని తేల్చింది. ఇల్లు సంగతీ చెప్పారు, 2005కి ముందు అన్నదమ్ములు ఉంటున్న ఇంటిని వాళ్ళు పంచుకుంటే తప్ప ఆడపిల్ల పంచమని అడగడానికే లేదంట, ఆ సెక్షనూ తీసేశారు. అమ్మ అది రెండుసార్లు చెప్పించుకుంది. లెక్క వేస్తే అమ్మకి ఒక ఎకరం.

కోర్టుకి వెళ్దాం అనలేదు ఆవిడ, అది నాకు బాగా నచ్చింది. ముందు మామయ్యలిద్దర్నీ పిలిపించి కూర్చోబెట్టారు, ఇదే కాగితం వాళ్ళకీ చూపించారు. చిన్నమామయ్య "అక్కయ్యా, నాకు ఇవన్నీ తెలియవే" అన్నాడు. పెద్దమామయ్య మొదటిసారి లేచి వెళ్ళిపోయాడు, మూడో సిట్టింగుకి ఒప్పుకున్నాడు. భాగపంపకాల దస్తావేజు రాశాక మేడమ్ ప్రతి లైనూ అమ్మకి చదివి వినిపించి, అర్థమైందా అని అడిగి అప్పుడు సంతకం పెట్టించారు.

ఫీజు మొదటి రోజు 500, తర్వాత పని మొత్తానికి ఎంతో రాసిచ్చారు, మధ్యలో పెంచలేదు. ఇబ్బందులూ చెప్పాలి కదా. గుమస్తా అబ్బాయి మా ఈసీ (పొలం మీద అమ్మకాలు, తాకట్లు చూపించే కాగితం) కాపీ ఎక్కడో పెట్టి మర్చిపోయాడు, మళ్ళీ తీయించుకోవాల్సొచ్చింది. ఫోన్ చేస్తే పదిసార్లకి ఒకసారి ఎత్తుతారు. రెండు నెలలన్నది నాలుగు నెలలు పట్టింది. అందుకే 5కి 4 ఇస్తున్నా.

పాస్‌పుస్తకం వచ్చిన రోజు అమ్మ దాన్ని పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టింది, ఆ రాత్రే పెద్ద తమ్ముడు మాట్లాడట్లేదని ఏడ్చింది కూడా. ఈ సంక్రాంతికి చిన్నమామయ్య బట్టలు పెట్టి పంపాడు, పెద్దమామయ్య ఇంటి నుంచి ఇంకా పిలుపు రాలేదు. లాయర్ గారు ఎంత మంచివాళ్ళైనా ఇది తీర్చలేరు, ముందే తెలుసుకుని వెళ్ళండి. ఎకరం మాత్రం అమ్మ అమ్మలేదు, కౌలు డబ్బులు తన అకౌంట్లోనే పడతన్నాయి.

వెళ్ళేవాళ్ళు పొలం రెవెన్యూ రికార్డులు అడంగల్, 1బి, ఇంకా ఈసీ, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రెండేసి జిరాక్సులు పట్టుకెళ్ళండి. సాయంత్రం 5 దాటాక వెళ్తే కోర్టు నుంచి వచ్చేసి ఉంటారు. ఇంకోటి, హక్కు ఎవరిదో వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి, కొడుకో అల్లుడో ఒక్కడే వెళ్తే ఆవిడ ఫైలు తెరవరు.