పదేళ్ల సిల్వర్ స్విఫ్ట్: గీతలు, సొట్టలు, పెచ్చులు – ఏ రిపేరు నిలిచింది, ఏది నిలవలేదు

2015లో కొన్న స్విఫ్ట్ డీజిల్ మాది. రంగు సిల్కీ సిల్వర్, పెయింట్ కోడ్ జెడ్2ఎస్. ఉండేది విజయవాడలో. నెలకు ఒకటి రెండు సార్లు హైదరాబాద్ వెళ్లొస్తాం. బండికి పెద్ద ప్రమాదం ఎప్పుడూ జరగలేదు కానీ చిన్న దెబ్బలకు లెక్కే లేదు. హైవే మీద లారీ వెనక నుంచి లేచిన రాళ్లు, పార్కింగ్‌లో పక్కబండి తలుపు, సందు మలుపులో గోడ, ఇలా ఏదో ఒకటి తగులుతూనే ఉంది.

వీటి కోసం ఈ పదేళ్లలో రబ్బింగ్ కాంపౌండ్, టచప్ సీసా, స్ప్రే డబ్బా, ఆటోనగర్‌లో లప్పం పెట్టి పెయింటు, పెయింటు కదలకుండా సొట్ట తీయించడం అన్నీ వాడి చూశాను. చేసిన రోజు చాలావరకు బాగానే కనిపించాయి. రెండు మూడు వానాకాలాలు గడిచాక ఏది ఎలా ఉందన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పెయింటు గురించి కొంచెం తెలియాలి. కంపెనీ నుంచి వచ్చిన బండికి అన్ని కోట్లూ కలిపి మందం సుమారు 100 నుంచి 140 మైక్రాన్లు. మనం రాసుకునే కాగితం మందమే దాదాపు 100 మైక్రాన్లు ఉంటుంది. ఆ కాస్త మందంలోనే రేకును అంటిపెట్టుకుని తుప్పును ఆపే ఎలక్ట్రోకోట్, దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికన్నా పైన మెరుపునిచ్చే రంగులేని కోటు, అంటే క్లియర్ ఉంటాయి. క్లియర్ ఒక్కటీ 35 నుంచి 50 మైక్రాన్లు. ఫ్యాక్టరీలో పై కోట్లను ఉత్త బాడీ మీదే 140 డిగ్రీల దాకా వేడిచేసి గట్టిపరుస్తారు. పూర్తయిన బండిలో ప్లాస్టిక్, వైర్లు అన్నీ ఉంటాయి కాబట్టి బయట పెయింట్ బూత్‌లో 60 డిగ్రీల దగ్గరే ఆపాలి. అంటే ఒకసారి గీకేసిన కంపెనీ కోటు మళ్లీ రాదు. నేను ఏ రిపేరునైనా చూసేది ఈ లెక్కతోనే. దెబ్బ పోవడానికి ఎంత మంచి పెయింటు పోతోంది?

గీత పడగానే చేసే పని ఒకటే. కడిగి, ఆరాక, గోటిని గీతకు అడ్డంగా నడపడం. గోరు ఆగకపోతే గీత క్లియర్ పైపైనే ఉన్నట్టు, పాలిష్‌తో పోతుంది. గోరు పట్టుకుంటే ఎంత రుద్దినా పోదు. లోపల బూడిద రంగు ప్రైమర్ కనిపిస్తే రంగు వేయాలి. మెరిసే రేకు కనిపిస్తే అది ఆ వారంలోనే చేసుకోవాల్సిన పని.

రబ్బింగ్ కాంపౌండ్ మంచి వస్తువే. పార్కింగ్ స్తంభానికి రాసుకున్నప్పుడు మన బండి మీద కనిపించే పసుపు చారలు చాలాసార్లు మన పెయింటు పోయినవి కావు, ఆ స్తంభం పెయింటు మనకు అంటుకున్నది. వెనక డోరు మీద జానెడు పొడవున అలాంటి చార ఉంటే మెత్తటి గుడ్డ, కొంచెం కాంపౌండ్‌తో పది నిమిషాల్లో పోయింది. తలుపు హ్యాండిల్ లోపలి గిన్నెలో పడే గోటి గీతలూ అంతే. అయితే కాంపౌండ్ చేసేది క్లియర్‌ను అరగదీయడమే. మొదటి మూడేళ్లలో నాలుగుసార్లు మెషీన్ బఫింగ్ చేయించాను. నాలుగోసారి బానెట్ అంచు దగ్గర క్లియర్ పూర్తిగా తినేసింది. అంచుల్లో పెయింటు పలచగా ఉంటుంది, మెషీన్ వేడి అక్కడే ఎక్కువ పడుతుంది. అప్పటినుంచి అంచుల మీద మాస్కింగ్ టేప్ వేయకుండా ఎవరినీ మెషీన్ పెట్టనివ్వలేదు. అసలు బఫింగే రెండేళ్లకోసారికి తగ్గించాను. టూత్‌పేస్ట్ రాయమని చెప్పేవాళ్లుంటారు. అదీ ఓ రకం మెత్తటి కాంపౌండే, మసక లాంటిది పోతుంది, గోటికి తగిలే గీత పోదు. నూనె స్ప్రేలు కొట్టినా గీత నిండి కనపడకుండా పోయినట్టుంటుంది, రెండు వాషింగ్‌లకు మళ్లీ బయటపడుతుంది.

ఇక టచప్, అంటే పెచ్చు లేచిన చోట సీసాలోని రంగును చుక్కగా పెట్టడం. ఈ పదేళ్లలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. బానెట్ ముందుభాగంలో రాళ్లకు లేచిన పెచ్చులు ఇప్పటికి ముప్పైకి పైనే ఉంటాయి. మొదటిసారి సీసా మూతకు వచ్చే కుంచెతోనే వేశాను. ఆవగింజంత పెచ్చు మీద కందిగింజంత చుక్క పడింది. పక్కనున్న మంచి పెయింటు మీదికి కూడా పాకింది. ఆ కుంచె ఈ పనికి లావు. తర్వాత అగరబత్తి పుల్లతో నేర్చుకున్నాను. కాలిపోయిన అగరబత్తి వెదురు పుల్లను బ్లేడుతో పెన్సిల్‌లా చెక్కి, కొసను 1000 నంబరు వాటర్ పేపర్ మీద రెండుసార్లు తిప్పితే చాలు.

చేసేది తెల్లవారుజామున, ఎండ రాకముందు, నీడలో. రేకు వేడిగా ఉంటే రంగు పుల్ల మీదే ఆరిపోతుంది. ముందు షాంపూతో కడగాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పెచ్చు లోపల తుడవాలి, లేకపోతే పాత మైనం మీద రంగు పట్టదు. పెచ్చు అంచులు లేచి ఉంటే సూదితో ఊడేవాటిని ఊడదీయాలి. రేకు కనిపిస్తుంటే ముందు ప్రైమర్ ఒక చుక్క, ఆరాక రంగు. సీసాను కనీసం రెండు నిమిషాలు ఊపాలి, ఎందుకంటే సిల్వర్‌లోని అల్యూమినియం పొడి అడుగుకు దిగిపోయి ఉంటుంది. పుల్ల కొసను రంగులో ముంచి, పెచ్చు మధ్యలో తాకిస్తే చాలు. రంగు దానంతట అదే అంచుల దాకా పాకుతుంది. గీయకూడదు. అరగంటకొకటి చొప్పున మూడు పలచటి చుక్కలు, చివర క్లియర్ రెండు చుక్కలు. ఆరేకొద్దీ చుక్క కుంగుతుంది కాబట్టి పైకి కాస్త ఉబ్బెత్తుగా వదిలేయాలి. వారం ఆగాక, నానబెట్టిన 2000 నంబరు వాటర్ పేపర్ చిన్న ముక్కను పెన్సిల్ వెనక రబ్బరుకు అతికించి, ఆ ఉబ్బును మాత్రమే తీసి, మీద కాంపౌండ్‌తో మెరుపు తెచ్చుకోవాలి.

కనపడకుండా పోతుందా అంటే పోదు. తెల్ల బండికైతే దాదాపు కలిసిపోతుంది. సిల్వర్‌లో మాత్రం దగ్గరికొచ్చి చూస్తే చుక్క కొంచెం నల్లగా ఉంటుంది. గన్నుతో కొట్టినప్పుడు అల్యూమినియం రేణువులు పడుకున్నట్టు పరుచుకుంటాయి, పుల్లతో పెడితే ఎటుపడితే అటు నిలబడతాయి. వెలుగు తిరిగొచ్చే తీరు మారుతుంది, అంతే. నాలుగడుగుల దూరంలో ఎవరూ కనిపెట్టలేరు. 2017లో పెట్టిన చుక్కల కింద ఈ రోజుకీ తుప్పు లేదు. మూడు నాలుగు వందల రూపాయల సీసాకు ఇంతకంటే ఏం కావాలి?

స్ప్రే డబ్బా గురించి మాత్రం నిరుత్సాహపరచక తప్పదు. 2018లో ఎడమ వెనక ఫెండర్ కింది భాగం గోడకు గీరుకుంటే అరచేయంత జాగాకు డబ్బాతో కొట్టాను. రెండు తప్పులు చేశాను. ఒకటి, జులైలో ముసురు పట్టిన రోజున కొట్టడం. థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని చెమ్మ అక్కడే పేరుకుంటుంది. క్లియర్ పాలు కలిపినట్టు తెల్లబారింది. రెండు, మాస్కింగ్ టేప్‌ను నేరుగా అంటించడం. టేప్ అంచు దగ్గర గోడ కట్టినట్టు గీత మిగిలిపోయింది. టేప్‌ను వెనక్కి మడిచి అంచు లేచి ఉండేలా పెడితే రంగు మెల్లగా పలచబడుతూ కలుస్తుంది. ఎండ కాసే రోజున మళ్లీ కొడితే బాగానే వచ్చింది. కానీ రెండో వేసవికల్లా మెరుపు చచ్చిపోయింది, మూడో ఏడు పొరలుగా లేచింది. మామూలు డబ్బాలో హార్డ్‌నర్ ఉండదు. గాలికి ఆరుతుందే తప్ప రసాయనికంగా గట్టిపడదు. థిన్నర్ గుడ్డతో ఒక్కసారి తుడిస్తే రంగు గుడ్డకొచ్చేసింది. కంపెనీ పెయింటు మీద ఇలా జరగదు. అందుకే పాత బండి కొనేటప్పుడు కనపడని మూల తుడిచి చూస్తే అక్కడ డబ్బా రంగు పడిందో లేదో తెలిసిపోతుంది.

హార్డ్‌నర్ కలిసిన టూకే క్లియర్ డబ్బాలు కూడా దొరుకుతున్నాయి. నిలుస్తాయి. కానీ వాటిలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, ఒకసారి పడకపోవడం మొదలైతే ఆస్తమా దాకా వెళ్తుంది. మామూలు దుమ్ము మాస్కు దాన్ని ఆపదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, పిల్లలు తిరిగే చోట దయచేసి కొట్టకండి.

నాకు బాగా టెన్షన్ పెట్టింది కుడి వెనక చక్రం పైనున్న అంచు. 2019లో అక్కడ పెయింటు లేచి తుప్పు కనిపిస్తే ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. ఒక్క రోజులో అద్దంలా చేసిచ్చారు. 2021 వానలకు అదే చోట చిన్న చిన్న పొక్కులు లేచాయి. వేలితో నొక్కితే పెంకులా విరిగింది. లోపల లప్పం, దాని కింద పాత తుప్పు పొరలు పొరలుగా ఉంది. తుప్పు తీయకుండా మీద లప్పం మెత్తారు. లప్పం నీటిని పీల్చుకుంటుంది, కింద తుప్పు ఉంటే దానికి తిండి పెట్టినట్టే.

అప్పుడు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా పెయింట్ పని మాత్రమే చేస్తున్నారు. "బాబాయ్, ఎన్ని రోజులు పడుతుంది?" అంటే "నాలుగు రోజులు వదిలెయ్ బాబూ. ఒక్క రోజులో కావాలంటే నా దగ్గరికి రాకు" అన్నారు. వీలైనప్పుడల్లా వెళ్లి దగ్గరుండి చూశాను. గ్రైండర్‌తో తెల్లటి రేకు తేలేదాకా కొట్టారు. గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పు చుక్కలకు, తుప్పును ఇక పెరగని పొరగా మార్చే రస్ట్ కన్వర్టర్ పెట్టి ఆ రోజుకు వదిలేశారు. మర్నాడు ఎపాక్సీ ప్రైమర్. దాని మీద పలచగా లప్పం. హార్డ్‌నర్ ఎక్కువైతే తర్వాత రంగులో మరకలు తేలతాయట, అందుకని బఠాణీ గింజంత తీసుకుని, రంగు ఒకేలా వచ్చేదాకా రేకు ముక్క మీద కలిపారు. అరగదీయడం అంతా పొడిగానే, చెక్క బ్లాకుకు చుట్టిన కాగితంతో, 80, 180, 320 నంబర్లు వరుసగా. లప్పం మీద నీళ్లు తగలనివ్వలేదు.

తర్వాత చేసిన పని నాకు చాలా నచ్చింది. లప్పం మీద గీతలను నింపే ప్రైమర్ (సర్ఫేసర్) కొట్టి, అది ఆరాక దాని మీద నల్లరంగు పొగలా చల్లి, మళ్లీ బ్లాకుతో రుద్దారు. ఎత్తుగా ఉన్నచోట నలుపు పోయింది, పల్లం ఉన్నచోట రూపాయి బిళ్లంత మచ్చగా మిగిలింది. కంటికి నున్నగా కనిపించిన చోటే! ఆయన కళ్లు మూసుకుని, అరచెయ్యి మీద పలచటి గుడ్డ వేసుకుని తడిమి, "ఇదిగో ఇక్కడ" అని నలుపు మిగిలిన చోటే వేలు పెట్టారు.

రంగు కోడ్ ప్రకారం కలిపించి కూడా, ముందు ఒక రేకు ముక్క మీద కొట్టి, ఎండలో బండి పక్కన పెట్టి చూశారు. ఆరేళ్ల ఎండకు బండి షేడ్ మారి ఉంటుంది. పైగా సిల్వర్‌ను తడిగా కొడితే ముదురుగా, పొడిగా కొడితే లేతగా వస్తుంది. రంగును దెబ్బ ఉన్నంతవరకే కాక వెనక డోరు మీదికి పలచబరుస్తూ కలిపారు. క్లియర్ మాత్రం మధ్యలో ఆపకుండా ప్యానెల్ అంచుల దాకా కొట్టారు. క్లియర్‌ను ప్యానెల్ మధ్యలో కలిపితే ఆ కలిసిన చోటే కొన్నాళ్లకు తెల్లబారి లేస్తుందట. నేను ఇచ్చింది 4,500 రూపాయలు. నాలుగు వానాకాలాలు దాటాయి. ఒక్క పొక్కు లేదు. కష్టానికి ఆ డబ్బు తక్కువే అని ఇప్పటికీ అనుకుంటాను.

సొట్టల సంగతి త్వరగా చెప్తాను. పాలకొల్లులో పెళ్లికి వెళ్లి కొబ్బరిచెట్టు కింద బండి పెడితే బానెట్ మీద కాయ పడింది. గిన్నెంత సొట్ట, పెయింటు మాత్రం చిట్లలేదు. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి ఐసు పెట్టే చిట్కా చేస్తే ఏమీ కాలేదు. పెయింటు కదలకుండా సొట్ట తీసే అతను చారల లైటు బోర్డు పెట్టి, బానెట్ కింద నుంచి వంపు ఇనుప కడ్డీలతో కొంచెం కొంచెంగా నెట్టాడు. బోర్డు చారలు సొట్టలో వంకరగా కనిపిస్తాయి. అవి తిన్నగా అయ్యేదాకా గంటసేపు పట్టింది. 1,800 తీసుకున్నాడు. కంపెనీ పెయింటు చెక్కుచెదరలేదు. పెయింటు చిట్లకపోతే టింకరింగ్‌కు ఇచ్చేముందు వీళ్లకు చూపించండి. పదునైన మడత పడితే, ప్యానెల్ అంచు మీద తగిలితే వాళ్లూ పూర్తిగా తీయలేరు. ముందుగానే చెప్పేవాళ్లే మంచివాళ్లు.

బంపర్ ప్లాస్టిక్, తుప్పు పట్టదు. సొట్టకు మరిగిన నీళ్లు పోసి వెనక నుంచి నెడితే చాలావరకు వచ్చేస్తుంది. ఒకసారి పెయింటు వేయిస్తే ఏడాదిలో పొరలా ఊడింది, ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోవడం వల్ల. ఇప్పుడు బంపర్ గీతలను అలాగే వదిలేస్తున్నాను.

ఇన్సూరెన్స్‌లో చేయించుకోవచ్చు కదా అంటారు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, మొదటి ఏడు 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్‌తో, ఆ బోనస్‌ను కాపాడే ప్రొటెక్షన్ కవర్ లేకపోతే, సున్నాకు వస్తుంది. 1500 సీసీ లోపు బండికి ప్రతి క్లెయిమ్‌లో 1,000 మన జేబులోంచే పోతుంది. ఒక ప్యానెల్ కోసం నేనెప్పుడూ వెళ్లలేదు. మూడు నాలుగు ప్యానెళ్లు పోతే అప్పుడు లెక్క వేసుకోవాలి.

మొన్న శనివారం సూర్యాపేట దాటాక బానెట్ మీద ఇంకో రాయి తగిలింది. రేకు కనిపించింది. ఆదివారం పొద్దున్నే ఆరింటికి ప్రైమర్ చుక్క, తర్వాత రంగు మూడు చుక్కలు, క్లియర్ రెండు చుక్కలు పెట్టాను. వచ్చే ఆదివారం 2000 నంబరు పేపర్ పట్టాలి.