మాట్లాడినవారి పేర్లు: బడిలో పిల్లల మాట వినడానికి ఏ దారి మేలు?

టీచరు గదిలో లేనప్పుడు క్లాసు లీడరు చేసే పని మనందరికీ తెలుసు. బోర్డు మీద ఒక మూల గీత గీసి "మాట్లాడినవారు" అని రాస్తాడు. దాని కింద పేర్లు. రెండోసారి నోరు విప్పితే పేరు పక్కన ఇంటూ గుర్తు. పిల్లలకంటూ ఒక ప్రతినిధిని పెట్టి, తోటివాళ్ల నోరు మూయించే పని అతనికి అప్పగించాం. కోనసీమ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లు సోషల్ చెప్పాను. ఆ జాబితా నేనూ అడిగి తీసుకున్నాను, అందులో ఉన్నవాళ్లను బెంచీ ఎక్కించాను. కాబట్టి ఇది తప్పు చేయనివాడు చెబుతున్న మాట కాదు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు తమ చదువు ఎలా సాగాలో చెప్పడానికి బడిలో ఏ ఏర్పాటు ఉండాలి? నేను దగ్గరగా చూసినవి నాలుగు. గోడకు తగిలించి తాళం వేసిన సలహాల పెట్టె. ఓట్లు వేసి ఎన్నుకునే పిల్లల మంత్రివర్గం, అంటే బాలల పార్లమెంటు. బడి యాజమాన్య కమిటీలో పిల్లలకు ఒక కుర్చీ. వారానికి ఒక పీరియడు తరగతి మొత్తం కూర్చుని మాట్లాడుకునే తరగతి సభ. అసలు పిల్లల మాట వినాలా అన్న వాదన ఇక్కడ ఎత్తను. తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసుకు, పరిణతికి తగినట్టు ఆ మాటకు విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలో రాసుకున్నారు. 1992లో మన దేశం కూడా అందులో చేరింది. ఎలా వినాలన్నదే మిగిలింది.

నాలుగింటికీ విడివిడిగా మంచి చెడ్డలు రాయడం తేలిక. దానికంటే బడిలో ఎదురైన సంగతులు తీసుకుని, ఒక్కో దారిలో అవి ఎంత దూరం వెళ్లాయో చూస్తే నిజం బయటపడుతుంది.

మొదటిది పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) సంగతి. సంక్రాంతి దాటగానే పదో తరగతికి సాయంత్రం స్టడీ అవర్లు పెట్టేవాళ్లం. మా బడికి గోదావరి పాయ దాటి లంక (నది మధ్య దీవి) నుంచి వచ్చేవాళ్లు పదకొండు మంది ఉండేవారు. ఆరు దాటితే రేవులో పంటు ఉండదు. ఒకవేళ ఉన్నా, ఆ చీకట్లో ఆడపిల్లలు రేవు దాకా నడిచి రావడానికి ఇళ్లలో ఒప్పుకోరు. వాళ్లు నాలుగున్నరకే సంచులు సర్దుకుని గోడవారగా జారుకునేవారు. మేము వాళ్లకు శ్రద్ధ లేదని తీర్మానించుకున్నాం. ఎందుకు వెళ్తున్నారని ఒక్కరం కూడా అడగలేదు.

బడిలో సలహాల పెట్టె ఉంది. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో తేలడానికే ఒక పూట పట్టింది. తెరిస్తే చాక్లెట్ కాగితాలు, పద్నాలుగు చీటీలు. ఒక చీటీలో "పంటు వెళ్లిపోతోంది, ఆరింటి దాకా ఉంచకండి" అని ఉంది. అది అంతకుముందు ఏడాది బ్యాచి వేసిన చీటీ. రాసిన పిల్ల అప్పటికే ఇంటర్‌లో చేరిపోయింది.

మంత్రివర్గం కూడా ఉంది. పడవ, గొడుగు, కొబ్బరికాయ గుర్తులతో, వేలికి సిరా చుక్కతో ఆగస్టులో ఎన్నికలు ఘనంగా జరిపించాం. జరిపించింది నేనే. ప్రధానమంత్రిగా గెలిచిన కుర్రాడిది రేవుకు ఇవతలి ఊరు. సైకిలెక్కితే ఐదు నిమిషాల్లో ఇల్లు. మంచివాడే, కానీ అతనికి పంటు ఊసే తట్టలేదు. రెండు వందల మంది ఓట్లతో నెగ్గినవాడికి పదకొండు మంది అవస్థ తట్టాలని ఏముంది? పైగా ఈ మంత్రివర్గాల్లో శాఖలు ఉంటాయి గాని అధికారాలు ఉండవు. పరిశుభ్రత మంత్రికి చీపురు, తాగునీటి మంత్రికి బిందె, విద్యామంత్రికి సుద్దముక్కల డబ్బా. పై అధికారులు వచ్చిన రోజున మంత్రులందరూ పూలగుత్తులతో గేటు దగ్గర నిలబడతారు. 1992లో రోజర్ హార్ట్ అనే ఆయన పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. పిల్లల్ని పావులుగా వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం పిలవడం అనే అడుగు మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. మా మంత్రివర్గం రెండో మెట్టు మీద పూలగుత్తితో నిలబడి ఉండేది.

కమిటీ సంగతి వేరు. డబ్బు, మరమ్మతులు, తీర్మానాలు అక్కడే ఉంటాయి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో కావాలి, సగం మంది మహిళలు ఉండాలి. మిగిలిన పావు భాగంలో మూడో వంతును స్థానిక విద్యావేత్తలకు గానీ, బడి పిల్లలకు గానీ ఇవ్వాలని 2010లో కేంద్రం పంపిన నమూనా నియమాల్లో ఉంది. ఆ "గానీ" దగ్గరే పిల్లలు ఆగిపోతారు. రిటైరైన ఉద్యోగి లేని ఊరు డెల్టాలో ఎక్కడుంది? (ఇప్పుడు నేనూ ఆ కోవలోవాడినే.) పైగా ఆ చట్టం పరిధి పద్నాలుగేళ్ల దాకా, ఎనిమిదో తరగతి దాకా. స్టడీ అవర్ల బాధ పదో తరగతిది.

అయినా ఒకసారి పట్టుబట్టి లంక నుంచి వచ్చే అమ్మాయిని సమావేశంలో కూర్చోబెట్టాను. వాళ్ల నాన్న రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. ఆ చెరువు యజమాని అమ్మాయి పక్క కుర్చీలో ఉన్నాడు. "చెప్పమ్మా" అన్నారు. "అంతా బాగుందండి" అని కూర్చుంది. మినిట్స్ పుస్తకంలో విద్యార్థి ప్రతినిధి సంతృప్తి వ్యక్తం చేసినట్టు రాశారు. ఒంటరిగా పిలిచి ఆ పిల్లకు నేను మేలు చేయలేదు.

తరగతి సభ ఆ ఏడాదే మొదలుపెట్టాం. శుక్రవారం ఆఖరి పీరియడు, అదీ నా సోషల్ పీరియడే. మూడో వారంలో పంటు మాట బయటికి వచ్చింది. అయితే దాన్ని ఎత్తింది లంక పిల్లలు కాదు. "సార్, మా గ్రూపులో ముగ్గురు నాలుగున్నరకే వెళ్లిపోతారు, మా ప్రశ్నలు ఎప్పటికీ పూర్తి కావు" అని వెనక బెంచీ కుర్రాడు ఫిర్యాదు చేశాడు. అప్పుడు ఆ ముగ్గురూ లేచి నిలబడి కారణం చెప్పారు. కొద్దిమంది కష్టం ఎక్కువమంది ఇబ్బందిగా మారి బయటపడటం మిగతా మూడు దారుల్లో నేను చూడలేదు. పరిష్కారం కూడా వాళ్లదే. రోజూ ప్రశ్నల కాగితం వెంట తీసుకెళ్లి, లంకలోని రామాలయం అరుగు మీద ఆరు నుంచి ఎనిమిది దాకా కూర్చుంటారు, డిగ్రీ చదివే అక్క ఒకామె చూసుకుంటుంది, మర్నాడు ఉదయం మేము దిద్దాలి. హెడ్మాస్టరు ఒప్పుకోవడానికి మూడు వారాలు పట్టింది. పూర్తిగా నెగ్గామని చెప్పను. కరెంటు పోయిన రోజులు ఉన్నాయి. రామాలయానికని ఇంట్లో చెప్పి చెరువుగట్టుకు వెళ్లిన ఇద్దరు ఘనులూ ఉన్నారు. అయినా తొమ్మిది మంది చదివారు.

మరుసటి ఏడాది వరదల సంగతి వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు నేను పాఠంలో చెప్పేవాడిని. లంక పిల్లలు ఆ అంకెలు చూసి ఆవుల్ని గట్టు మీదికి తోలుతారు. మా మొదటి పరీక్షలు ఏటా గోదావరి పొంగే రోజుల్లోనే పడేవి. "రెండో హెచ్చరిక ఇచ్చారంటే మర్నాటికి మా కాజ్‌వే మునిగిపోతుంది సార్. పరీక్ష రోజు పొద్దున కాదు, హెచ్చరిక వచ్చిన రోజే వాయిదా వేస్తున్నట్టు చెప్పేయండి" అన్నాడు తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒకడు. అన్నేళ్లు టీచర్లుగా ఉన్న మాకు ఆ చిన్న నియమం తోచలేదు. 2022 జులైలో గోదావరి మూడో హెచ్చరికనూ దాటినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ కుర్రాడే.

ఇక మధ్యాహ్న భోజనం. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో మన రాష్ట్రం ఈ పథకానికి పెట్టింది. ఆవిడ ఊరికి దగ్గరివాళ్లం కాబట్టి అన్నం మీద మా పిల్లల అభిప్రాయాలు కాస్త ఘాటుగానే ఉంటాయి. ఇక్కడ మాత్రం తరగతి సభ చతికిలబడింది. పప్పు నీళ్లగా ఉందని శుక్రవారం చెబితే సోమవారం నాటి పప్పు ఏమవుతుంది? రోజూ జరిగే పనికి రోజూ చూసే మనిషి కావాలి. ఎన్నికైన ఆహార మంత్రి వడ్డనకు ముందు రుచి చూసి, గుడ్లు లెక్కపెట్టి, రిజిస్టరులో సంతకం చేయాలన్న నియమం పెట్టాక మంత్రివర్గానికి ప్రాణం వచ్చింది. ఆ సంతకం లేకుండా వడ్డన లేదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో రాత్రి బడులకు వెళ్లే పిల్లలు 1990లలోనే సొంత పార్లమెంటు నడిపారు. బడి తెరిచారా, పంతులు వచ్చాడా, దీపం ఉందా అని చూసే పని వాళ్లది. చీపురుతో పాటు అలాంటి పని ఒకటి ఇచ్చి ఉంటే నేనూ మంత్రులను ఇంతగా వెక్కిరించేవాడిని కాదు.

మూడో రకం సంగతులు ఎదురుగా నిలబడి చెప్పలేనివి. కొట్టే టీచరు, వెకిలిగా మాట్లాడే మనిషి, గడియ లేని బాత్రూము. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. కానీ నలభై మంది మధ్య లేచి నిలబడి ఆ మాట ఎవరు చెబుతారు? తరగతి సభ ఇక్కడ పనికిరాదు, మంత్రివర్గం అంతకన్నా పనికిరాదు. నేను వెక్కిరించిన ఆ డబ్బాయే కావాలి. అయితే రెండు వందల మంది ఉన్న బడిలో ప్రతి చేతిరాతా మాకు తెలుసు. పేరు లేని చీటీ అనేది భ్రమ. అందుకే తాళంచెవి బడివాళ్ల దగ్గర ఉండకూడదు. కమిటీలో ఉన్న ఒక తల్లి, ఊరి ఏఎన్ఎం కలిసి వారానికోసారి తెరవాలి. పెట్టె మీద పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

మరి నా తీర్పు? తరగతి సభకే ముందు పీట. కమిటీకి సభే ఇద్దరిని పంపాలి, ఒక్కరిని కాదు. వాళ్లు తమ మాట కాకుండా సభ రాసిచ్చిన కాగితం చదవాలి. అప్పుడు పక్క కుర్చీలో ఎవరున్నా ఆ భారం ఒక్క పిల్ల మీద పడదు. పెట్టె పైన చెప్పిన ఒక్క పనికే. మంత్రివర్గం, నిజమైన పని ఇవ్వగలిగితేనే.

పిల్లలకేం తెలుసు అనేవారికి ఒక ముచ్చట చెప్పాలి. మా సభలో చదువు గురించి వచ్చిన మొదటి ఫిర్యాదు నా మీదే. "మీరు నోట్సు చెబుతుంటే రాయడమే సరిపోతోంది సార్, వినడం కుదరడం లేదు." అప్పటికి ఇరవై ఏళ్ల పైబడి నోట్సు చెబుతున్నాను. రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాను. ఆ తరువాత ఒక మంచి నోట్సు జిరాక్స్ తీయించి తరగతిలో పెట్టాను, ఇంట్లో రాసుకోమన్నాను. పీరియడులో సగం ఖాళీ అయింది. ఆ సగంలో ఏం చేయాలో తెలియక నాకు నెల రోజులు ఇబ్బందే. చివరికి పటాలు గీయించడం మొదలుపెట్టాను. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలు వాళ్ల పటాల్లో నా పటంకంటే సరిగ్గా వచ్చాయి.

హద్దులు మాత్రం మొదటి రోజే చెప్పాలి. పాఠ్యపుస్తకం మార్చడం, పదో తరగతి పరీక్షలో పేపరు తగ్గించడం బడి చేతిలో లేవు. లెక్కలు మధ్యాహ్నం ఆఖరి పీరియడులో వద్దనడం, ఒకే రోజు మూడు హోంవర్కులు ఇవ్వకూడదనడం, లైబ్రరీ బీరువా తాళం పిల్లల చేతికి ఇమ్మనడం బడి చేతిలోవే. సభకు ఒక పెద్ద నోటు పుస్తకం, అందులో మూడు గళ్లు చాలు: అడిగింది, జవాబు, ఎప్పటిలోగా. "కుదరదు" అన్నదీ జవాబే, పక్కన కారణం రాయాలి. రెండో గడి రెండు వారాలు ఖాళీగా ఉందంటే మూడో వారం ఎవరూ నోరు విప్పరు. అది మాకు ఒక దసరా సెలవుల ముందు జరిగింది. తిరిగి మాట్లాడించడానికి డిసెంబరు దాకా పట్టింది.

మొదలుపెట్టేవారు పదో తరగతితో కాకుండా ఎనిమిదో తరగతితో, జూన్‌లోనే మొదలుపెట్టండి. అమ్మాయిలు మాట్లాడాకే అబ్బాయిలు అన్న నియమం ఒక నెల పాటించండి. నోరు విప్పని వాళ్ల దగ్గర ముందు రోజే చీటీలు తీసుకోండి. మొదటి మూడు వారాలు వాళ్లు ఆటల పీరియడు తప్ప ఇంకేమీ అడగరు. ఇచ్చేయండి.