వాకింగ్ ఫుట్: ఐదేళ్లు సంచిలో ఉన్న నా బొంతను పూర్తి చేయించిన పరికరం

మా అమ్మాయి చిన్నప్పటి గౌన్లు, టీషర్టులు కత్తిరించి బొంత కుట్టడం మొదలుపెట్టినప్పుడు తనకి పదకొండేళ్లు. నాలుగంగుళాల చదరాలు అడ్డంగా 15, నిలువుగా 20, మొత్తం 300 ముక్కలు. సాగిపోయే టీషర్టు ముక్కల వెనక ఇస్త్రీ పెట్టెతో ఫ్యూజింగ్ (వేడికి అంటుకునే అస్తరు బట్ట) అంటించి, పావంగుళం కుట్టుతో అతుక్కుంటూ ఏడాదిలో పైపొర పూర్తి చేశాను. ఆ తర్వాత అది ఐదేళ్లు బీరువా మీద సంచిలోనే ఉంది. ఈ మధ్యే పూర్తయింది. అందుకు సాయపడింది వాకింగ్ ఫుట్. కుట్టు మిషన్‌లో సూది దగ్గర బట్టను నొక్కి పట్టే భాగాన్ని ఫుట్ అంటారు, దాని బదులు బిగించుకునేదే ఇది. దాన్ని 41 రోజులు వాడాక ఇది రాస్తున్నాను.

ముందు, ఎందుకు ఆగిపోయిందో చెప్పాలి. క్విల్ట్ అంటే మూడు పొరలు: పైన అతుకుల బట్ట, మధ్యలో దూది పరుపు లాంటి బ్యాటింగ్, కింద ఒకే బట్ట. ఈ మూడింటినీ కలిపి కుట్టినప్పుడే అది బొంత అవుతుంది. ఐదేళ్ల కిందట మామూలు ఫుట్‌తోనే ఆ పని మొదలుపెట్టాను. రెండు వరుసలు కుట్టి తిరగేసి చూస్తే కింది బట్ట మూడు చోట్ల మడతపడి, ఆ మడత మీదుగానే కుట్టు పడి ఉంది. విప్పుతుంటే పల్చటి పసుపు గౌను ముక్క ఒకటి చిరిగింది. ఆ గౌను మళ్లీ దొరికేది కాదు కదా. అన్నీ మడిచి సంచిలో పెట్టేశాను.

తర్వాత ఆ సంచి దించిన ప్రతిసారీ ఏదో ఒక పని కల్పించుకున్నాను. దారాలు రంగుల వారీగా సర్దాను. కొత్త కత్తెర కొన్నాను. వీడియోలు చూశాను. నాది బద్ధకమే అనుకుని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇప్పుడు ఆలోచిస్తే అది బద్ధకం కాదు. మిగతా కుట్టు పనులన్నీ ఆ ఏళ్లలో సకాలంలోనే చేశాను. ఈ ఒక్కదాని దగ్గరే చేతులు ఆడలేదు. కింద ఏం జరుగుతోందో నాకు కనబడదు, కనబడేసరికి ఇంకో ముక్క చిరిగి ఉంటుంది. ఆ టెన్షన్ వల్లే సంచి మళ్లీ పైకి వెళ్లిపోయేది.

మామూలు ఫుట్ బట్టను పైనుంచి నొక్కుతుంది, అంతే. బట్టను నడిపించేవి కిందున్న ఇనుప పళ్లు. ఒక పొరో రెండు పొరలో అయితే ఇబ్బంది లేదు. మధ్యలో మెత్తటి బ్యాటింగ్ ఉంటే కింది పొర ముందుకు కదిలిపోతుంది, పైపొర వెనకబడుతుంది. ఒక్కో కుట్టుకి వెంట్రుకవాసి తేడానే కావచ్చు, 80 అంగుళాలు కుట్టేసరికి ఆ తేడా అంతా ఎక్కడో ఒకచోట ముడతగా తేలుతుంది. వాకింగ్ ఫుట్‌కి సొంత పళ్లుంటాయి. పక్కనున్న చిన్న చెయ్యిని సూది బిగించే స్క్రూ మీద తగిలించాలి. సూది కదిలినప్పుడల్లా ఆ చెయ్యి లేచి దిగుతుంది, దాంతో పై పళ్లు కూడా కింది పళ్లతో సమానంగా అడుగు వేస్తాయి. మూడు పొరలూ ఒకేసారి నడుస్తాయి.

చదివితే నమ్మకం కుదరలేదు. అందుకే కొన్న రోజు అసలు బొంతను ముట్టుకోలేదు. మిగిలిపోయిన టీషర్టు ముక్కలతో, అదే బ్యాటింగ్‌తో 20 అంగుళాల పొడవున రెండు నమూనాలు చేశాను. కావాలనే పిన్నులు పెట్టలేదు. మామూలు ఫుట్‌తో కుట్టిన దాంట్లో చివరికొచ్చేసరికి పైపొర అరంగుళం బయటికి వచ్చేసింది. వాకింగ్ ఫుట్‌తో కుట్టిన దాంట్లో రెండు అంచులూ దాదాపు కలిశాయి. ఆ రెండు ముక్కల్ని పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అప్పటిదాకా తప్పు నా చేతిలోనే ఉందనుకున్నాను. ఆ రాత్రే సంచి దించాను.

ఒక సంగతి మాత్రం మరిచిపోకూడదు. ఈ ఫుట్ ఉంది కదా అని పొరల్ని సరిగ్గా కలపకుండా కుట్టడం మొదలుపెడితే మళ్లీ పాత కథే. కింది బట్ట పైపొర కన్నా ప్రతి వైపూ నాలుగంగుళాలు ఎక్కువ ఉండాలి. దాన్ని మంచి వైపు నేలకి ఆనేలా పరిచి, అంచులు టేపుతో అంటించాలి. ముడతలు పోయేంత బిగువుంటే చాలు, సాగదీయకూడదు. దాని మీద బ్యాటింగ్, పైన అతుకుల బట్ట. చదరానికొకటి చొప్పున మధ్యలో 300 పిన్నీసులు పెట్టాను. వంపు తిరిగిన పిన్నీసులైతే నేలకి ఆనించి గుచ్చడం సులువు. ఒక సాయంత్రమంతా దీనికే పట్టింది, మోకాళ్లు రెండు రోజులు పీకాయి.

ఇక కుట్టు. చదరాల మధ్య అతుకు మీదే, ఆ సన్నని గాడిలోనే కుట్టాలనుకున్నాను. నిలువుగా 14 గీతలు, అడ్డంగా 19, మొత్తం 33. కలిపితే 57 మీటర్ల కుట్టు. ఆ అంకె తలుచుకుంటే మళ్లీ భయమేసేది, కాబట్టి రోజుకి ఒక్క గీత అనుకున్నాను. నిదానంగా తొక్కితే గీతకి పది నిమిషాలు. ఇంకా ముఖ్యం, మిషన్ మూత పెట్టలేదు, ఫుట్ ఊడదీయలేదు. ఈ ఫుట్ బిగించడం కొంచెం తలనొప్పి. రోజూ తీసి పెట్టాల్సి వస్తే నేను రెండో వారానికే వదిలేసేదాన్ని. టేబుల్‌కి ఎడమవైపు రెండు కుర్చీలు వేసి బొంత బరువు వాటి మీద ఆనేలా చూశాను. బరువు కిందికి వేలాడితే ఎంత మంచి ఫుటైనా కుట్టు వంకర పోతుంది. 90/14 సైజు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. మధ్య గీతతో మొదలుపెట్టి అంచుల వైపు వెళ్లాను.

లోపాలు ఉన్నాయి. చప్పుడు ఎక్కువ, టకటకమని ఇల్లంతా వినిపిస్తుంది. లావుగా ఉండటంతో సూది పడే చోటు సరిగ్గా కనబడదు. వెనక్కి కుట్టడానికి పనికిరాదు. నా గీతలు అంచు నుంచి అంచుకి కాబట్టి సరిపోయింది, మధ్యలో ఆపాల్సి వస్తే చిన్న చిన్న కుట్లతో దారాన్ని లాక్ చేసుకోవాలి. పువ్వులు, మెలికలు కుట్టాలనుకునేవాళ్లకి ఇది కాదు, బట్టను చేత్తో ఎటు కావాలంటే అటు కదుపుతూ కుట్టే ఫ్రీ మోషన్ ఫుట్ వేరే ఉంటుంది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది స్క్రూ. అదురుకి వదులైపోతుంది. నాలుగో గీతలో ఫుట్ పక్కకి జరిగి సూది దానికి తగిలి విరిగింది. ఆ చప్పుడుకి గుండె ఆగినంత పనైంది. డబ్బాలో వచ్చిన కాగితంలో దీని గురించి ఒక్క మాట లేదు. అప్పటినుంచి ప్రతి గీతకి ముందు స్క్రూడ్రైవర్‌తో రెండు స్క్రూలూ బిగించాను, ఫుట్‌ది ఒకటి, సూదిది ఒకటి.

పన్నెండో గీత రోజు తిరగేసి చూస్తే కింద మడత. ఐదేళ్లుగా భయపడిందే ఎదురుగా ఉంది. ఆరు రోజులు ఆ గదిలోకి వెళ్లలేదు. ఏడో రోజు మా అమ్మాయి వచ్చి, "అమ్మా, ఎంత పొడవుందో కొలిచావా?" అంది. కొలవలేదు. టేపు పెడితే ఐదంగుళాలు. ఒక పిన్నీసు ఊడిపోయింది, కారణం అదే. ఒక్కో కుట్టూ తెంపి, నెమ్మదిగా విప్పి, పిన్నీసు పెట్టి మళ్లీ కుట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. బట్టకి ఏమీ కాలేదు. ఆ తర్వాత మిగిలిన 21 గీతల్లో ఏ రోజూ మిషన్ ముందు కూర్చోవడానికి వెనకాడలేదు.

అంచు పట్టీ కూడా ఈ ఫుట్‌తోనే వేశాను. రెండున్నర అంగుళాల పట్టీ మడిచి కుడితే మూలల్లో పొరలు చాలా మందమవుతాయి, అక్కడ దీని విలువ బాగా తెలుస్తుంది. ఉతికాక కాటన్ బ్యాటింగ్ కొద్దిగా ముడుచుకుని బొంతంతా మెత్తగా, గుబురుగా తయారైంది. అక్కడక్కడ గాడి తప్పిన కుట్లు ఆ ముడతల్లో కలిసిపోయాయి. చిరిగిన పసుపు ముక్క మీద అదే గౌను జేబు తీసి కుట్టాను. హాస్టల్‌కి బట్టలు సర్దుకుంటూ మా అమ్మాయి ముందు బొంతనే మడిచి పెట్టుకుంది.

కొనేవాళ్లకి ఒక్కటే జాగ్రత్త. ఇది అన్ని మిషన్లకీ ఒకటే ఉండదు. ఫుట్ కిందికి దించి, దాన్ని బిగించే స్క్రూ మధ్య నుంచి ఫుట్ అడుగు వరకు కొలవండి. ముప్పావు అంగుళం దగ్గర ఉంటే మీ మిషన్ లో షాంక్ (ఫుట్ బిగించే కాడ పొట్టిది), అంగుళంపావు ఆ పైన ఉంటే హై షాంక్ (కాడ పొడుగుది). దానికి తగిన ఫుటే కొనాలి. నేను కొలవకుండా తెప్పించిన మొదటిది బిగుసుకోలేదు. అది మార్చుకోవడానికి పట్టిన పది రోజులూ సంచి మళ్లీ బీరువా మీదే ఉంది.