ట్రాన్స్‌ఫ్యాట్ '0 గ్రా.': ప్యాకెట్ వెనక ఉన్న ఆ అంకెకు ఎన్ని మార్కులు?

నూనెను హైడ్రోజన్‌తో గట్టిపరిచేటప్పుడు (హైడ్రోజనేట్ చేసేటప్పుడు) ఎక్కువగా పుట్టే, గుండెకు చేటు చేసే కొవ్వే ట్రాన్స్‌ఫ్యాట్. దాని అంకెకు ప్యాకెట్ సరుకు వరకైతే 5కి 3.5 ఇవ్వొచ్చు. బేకరీ కౌంటర్ దగ్గర సున్నా, అక్కడ లేబులే ఉండదు కాబట్టి.

ఈ అంకె అచ్చేయమన్నందుకు ఫలితం కనిపించింది. అమెరికాలోని టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధకులు 60 అధ్యయనాలను కలిపి 2019లో వేసిన లెక్క ప్రకారం, లేబులింగ్ వచ్చాక కంపెనీల సరుకులో ట్రాన్స్‌ఫ్యాట్ దాదాపు 64 శాతం తగ్గింది. పెద్ద అంకె అచ్చేయాల్సి వస్తుందనగానే తయారీదారులే నూనె మార్చుకున్నారు. అయితే అమెరికా లేబుల్‌లో ఓ కంత ఉంది. ఒక సర్వింగ్‌లో, అంటే ఒకసారి తినే మోతాదులో, 0.5 గ్రాముల లోపుంటే '0' అని వేసుకోవచ్చు. మూడు బిస్కెట్లు ఒక సర్వింగ్ అని రాసి, అందులో 0.4 గ్రాములున్నా సున్నానే. ఆరు తింటే 0.8. చివరికి 2018లో పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనెలనే ఆపేయాల్సి వచ్చింది. డెన్మార్క్ ఈ తిరుగుడు పెట్టుకోకుండా 2003లోనే కొవ్వులో 2 శాతమని పరిమితి గీసేసింది.

మన దగ్గర లేబులూ, పరిమితీ రెండూ ఉన్నాయి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పెట్టిన పరిమితి కొవ్వులో 10 శాతం నుంచి 5కి దిగి, 2021 జనవరిలో 3కి, 2022 జనవరిలో 2కి వచ్చింది. లేబుల్ మీద 100 గ్రాములకు ఎంతో చెప్పాలి కాబట్టి సర్వింగ్ చిన్నది చేసి తప్పించుకోవడం కష్టం. 'ట్రాన్స్‌ఫ్యాట్ ఫ్రీ' అని గొప్పగా వేసుకోవాలంటే 100 గ్రాములకు 0.2 గ్రాముల లోపే ఉండాలి. చిన్న చాక్లెట్ల లాంటివి, అంటే 100 చదరపు సెంటీమీటర్లు మించని ప్యాకెట్ల మీద మాత్రం పోషకాల పట్టిక ఉండనక్కర్లేదు.

అంకెను ఇలా చూడండి. బిస్కెట్ ప్యాకెట్ మీద మొత్తం కొవ్వు 20 గ్రాములని ఉంటే, అందులో 2 శాతం అంటే 0.4 గ్రాములు. అంతకు మించి కనబడితే వెంటనే పదార్థాల జాబితాకు వెళ్లండి. వెన్న, నెయ్యి ఉంటే నియమం తప్పారని అనుకోనక్కర్లేదు. పాలకొవ్వులో ట్రాన్స్‌ఫ్యాట్ సహజంగానే 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది, పరిమితి దానికి వర్తించదు. పట్టికలో మాత్రం సహజంగా ఉన్నదీ, ఫ్యాక్టరీలో పుట్టిందీ రెండూ ఒకే వరుసలో కలిసిపోతాయి. అందుకే నేతి బిస్కెట్‌కు 0.6, పామాయిల్ బిస్కెట్‌కు 0 కనబడి, కొనేవాళ్లు పామాయిల్ దాన్నే మంచిదనుకుంటారు. ఈ లేబుల్‌కు మార్కులు కోసింది ముఖ్యంగా ఇందుకే.

సున్నా అయినచోట ఏం చేరిందో పట్టికలో శాచురేటెడ్ ఫ్యాట్ (సంతృప్త కొవ్వు) వరుస చెబుతుంది. హైడ్రోజనేటెడ్ కొవ్వు తీసేసి పామ్ స్టియరిన్ (పామాయిల్‌లోని గట్టి భాగం), 'ఇంటరెస్టరిఫైడ్ వెజిటబుల్ ఫ్యాట్' (అణువుల అమరిక మార్చి గట్టిపరిచిన నూనె) వాడుతున్నారు. పామాయిల్‌లోనే దాదాపు సగం సంతృప్త కొవ్వు, స్టియరిన్‌లో ఇంకా ఎక్కువ. కాబట్టి '0' చూసి ఆగకుండా శాచురేటెడ్ ఫ్యాట్ అంకె కూడా చూడాలి. లేబుల్ లెక్కల్లో రోజుకు 22 గ్రాములు దాని హద్దు, ట్రాన్స్‌ఫ్యాట్‌కు 2.

ఇక కర్రీపఫ్, ఎగ్‌పఫ్, దిల్‌పసంద్ సంగతి. పఫ్ పొరలు విడాలంటే పిండి మడతల మధ్య కొవ్వు గట్టిగా నిలవాలి. మన ఎండలకు మామూలు నూనె పిండిలోకి ఇంకిపోతుంది, పొరలు అతుక్కుపోతాయి, పఫ్ రొట్టెలా దిగుతుంది. వెన్నా మెత్తబడిపోతుంది, పైగా ఖరీదు. అందుకే 40 డిగ్రీలు దాటితేగానీ కరగని పఫ్ మార్జరీన్ (నూనెలతో చేసిన వెన్నలాంటి కొవ్వు) వాడతారు. తిన్నాక అంగిలికి మైనంలా అంటుకునేది అదే. అంటుకుందంటే గట్టి కొవ్వు పడిందని తెలుస్తుంది గానీ, ట్రాన్స్‌ఫ్యాట్ ఎంతో తెలియదు. 2 శాతం నియమం ఈ పఫ్‌కూ వర్తిస్తుంది, కానీ ల్యాబ్‌కు నమూనా వెళ్తే తప్ప తేలదు.

అడగాల్సింది 'ఏ నూనె వాడతారు?' అని కాదు. దానికి ఎక్కడైనా 'మంచిదేనండీ' అనే జవాబే వస్తుంది. కొవ్వు వచ్చిన అట్టపెట్టె చూపించమనండి. దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు, తయారీ తేదీ, 100 గ్రాములకు ట్రాన్స్‌ఫ్యాట్ ఎంతో ఉండాలి. ఆ పెట్టెలో ఉన్నది ఎక్కువ భాగం కొవ్వే గనుక 2 గ్రాములు దాటకూడదు. లేబుల్ లేని డబ్బాలోంచి విడిగా తూచి తెచ్చిన కొవ్వయితే, ఆ పూటకు పఫ్ మానేసి ఇంకేదైనా తినండి.