షాతో తాల్బో 2005: విశాఖ ఉక్కలో ఒక పాత బోర్డో

మా బావగారు పారిస్ నుంచి తెచ్చిన సీసా ఇది. ఫ్రాన్స్‌లోని బోర్డో సీమలో సాం జూలియెన్ ప్రాంతపు రెడ్ వైన్, అక్కడి వైన్ తోటలకు 1855లో ఇచ్చిన ఐదు శ్రేణుల్లో నాలుగోది. కాబెర్నే సావిన్యోన్ ద్రాక్ష ప్రధానం, తోడుగా మెర్లో ద్రాక్ష. 2005 బోర్డోకు బాగా కలిసొచ్చిన ఏడాది కాబట్టి ఆశ పెద్దదే.

ముందురోజే నిలువుగా పెట్టడంతో మడ్డి అడుక్కి దిగింది. ‘గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అనే సలహా ఎంవీపీ కాలనీలో చెల్లదు. ఆ మాట పుట్టిన యూరప్ చల్లని గదులు వేరు! కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 17 డిగ్రీల దగ్గర పోశాను.

అంచున ఇటుక రంగు, నడుమ ఇంకా చిక్కని ఎరుపు. మొదట వాసన పలకలేదు. అరగంటకు దేవదారు చెక్క, పొగాకు, ఎండిన నల్లని పండ్లు, వెనక తడిమట్టి. తాతగారి బీరువా తలుపు తీసినట్టుంది. ద్రాక్ష తొక్కల నుంచి వచ్చే టానిన్ల వగరు మెత్తబడింది కానీ పూర్తిగా లొంగలేదు. ఇన్నేళ్ల వైన్‌ను నిలబెట్టింది మాత్రం దానిలోని చురుకైన పులుపే. మధ్యలో కాస్త పలచబడినా, మింగాక రుచి చాలాసేపు ఉంది.

కారం తగ్గించిన వేటమాంసం వేపుడుతో చక్కగా కుదిరింది. వంజరం పులుసుతో మాత్రం చేదెక్కింది.

“తప్పు పులుసుదా, వైన్‌దా?” అన్నారు బావగారు.

“కలిపిన మీదే” అన్నాను.

నా మార్కులు పదికి ఎనిమిది. ఇంత పాత సీసాను తెరిచిన పూటే ముగించాలి, మర్నాటికి దాచకండి. ఏసీ లేని అరలో ఏళ్లుగా నిలబడినదైతే, ఎంత చవకైనా నేను కొనను.