నెల్లూరులో ఆ షాపులో డీజే సెట్టు కొనబోయేవాళ్ళు ముందు ప్రాసెసర్ పాస్‌వర్డ్ అడగండి

కోపం ఇంకా దిగలేదు, అందుకని రాతలో తప్పులుంటే సర్దుకుని చదువుకోండి. నెల్లూరులో సెకండ్ హ్యాండ్ డీజే సెట్లు అమ్మే ఆయన ఉన్నాడు కదా, వీడియోల్లో బేస్ బాక్సు మీద కాలు మీద కాలేసుకుని కూర్చుని "ఏ హాలైనా ఏ గ్రౌండైనా మన సెట్టు మోగాల్సిందే" అంటుంటాడు, ఆయనే. మన లైన్‌లో ఉన్నవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. పేరు రాయను. రాస్తే పరువు నష్టం కేసు వేస్తానన్నాడు. ఆయనకి అది కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

నాది ఒంగోలు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, చిన్న చిన్న రిసెప్షన్లు చేసుకుంటూ వస్తున్నా. మాఘమాసం ముహూర్తాలకి పెద్ద సెట్టు ఉంటే బాగుంటుందని మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి 3,80,000 పోసి కొన్నా. నాలుగు డబుల్ ఫిఫ్టీన్ టాపులు (పదిహేను అంగుళాల స్పీకర్లు రెండేసి ఉండే, గొంతూ పాటా మోగే బాక్సులు), నాలుగు డబుల్ ఎయిటీన్ బేస్‌లు (పద్దెనిమిది అంగుళాలవి రెండేసి ఉండే బేస్ బాక్సులు), యాంప్లిఫయర్లు, రెండు ఇన్ ఆరు అవుట్ ప్రాసెసర్ (ఏ బాక్సుకి ఏ సౌండు, ఎంత, ఎప్పుడు పోవాలో చూసే మిషన్) బిగించిన ర్యాకు, ఆరు షార్పీలు (సన్నటి బీము కొడుతూ తిరిగే లైట్లు), పార్ లైట్లు (రంగులు పరిచే లైట్లు), లైట్ల కంట్రోలర్, పొగ మిషన్. బిల్లు అడిగితే జీఎస్టీ అదనం అన్నాడు, సరే వద్దులే అన్నా. నా తెలివికి దండేసి దణ్ణం పెట్టాలి.

మొదటి ప్రోగ్రాంకి ఆయనే వచ్చి సెట్ చేసి ఇస్తానన్నాడు, వచ్చాడు కూడా. ఒంగోలులోనే ఒక కల్యాణ మండపం. పొడవాటి హాలు, కింద మార్బుల్, ఒక పక్కంతా అద్దాలు. అలాంటి చోట బేస్ గుంయ్‌మని మూలల్లో ముద్దకడుతుంది, మైకులో పంతులుగారి మంత్రం కూడా అర్థం కాదు. ఆయన స్టేజీ దగ్గర రెండు టాపులు పెట్టించాడు, మిగతా రెండూ అక్కడి నుంచి యాభై అడుగుల అవతల వెనక కూర్చునేవాళ్ళ కోసం పెట్టించాడు, ఆ వెనక వాటికి ప్రాసెసర్‌లో సుమారు 44 మిల్లీసెకన్ల డిలే ఇచ్చాడు. సౌండు సెకనుకి 340 మీటర్ల చొప్పున నడుస్తుంది కాబట్టి ముందు బాక్సుల సౌండు అక్కడికి చేరేసరికి అంత టైం పడుతుంది, వెనక బాక్సు కూడా అంతసేపు ఆగి మోగితేనే రెండూ కలిసి ఒక్క సౌండులా వినిపిస్తాయి. బేస్‌ని తొమ్మిది డీబీ (డెసిబెల్, సౌండు కొలత) తగ్గించాడు, సౌండు ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ని బాగా కిందకి దించాడు. పని వచ్చు ఆయనకి, కాదనను. ఆ రోజు హాల్లో ఎంత శుభ్రంగా మోగిందంటే పెళ్ళికొడుకు నాన్న వచ్చి భుజం తట్టి వెళ్ళాడు. నేనూ ఆ ఆనందంలో ఆయన చివర్లో ప్రాసెసర్ బటన్లు టకటకా ఏవో నొక్కి "ఎవరూ కెలక్కుండా లాక్ చేశాలే తమ్ముడూ" అంటే తలూపా. మన మంచికే అనుకున్నా మరి.

తర్వాత ప్రోగ్రాం కొత్తపట్నం వైపు ఒక ఊళ్ళో, సముద్రం పక్కనే, ఇంటి ముందు ఖాళీ స్థలంలో రిసెప్షన్. మండపానికీ దీనికీ సంబంధమే లేదు. గోడ లేదు, పైకప్పు లేదు, సౌండు కొట్టుకుని తిరిగి రావడానికి ఏమీ లేదు. బయట దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆరు డీబీ పోతుంది, హాల్లో గోడలు ఇచ్చే సాయం ఇక్కడ ఉండదు, బేస్ అయితే ఇసకలోకి ఇంకిపోయినట్టే. అందుకని నాలుగు టాపులూ స్టేజీకి అటూ ఇటూ రెండేసి చొప్పున ముందుకే పేర్చా, బేస్‌లు నాలుగూ మధ్యలో ఒక్క దగ్గరే కలిపి పెట్టా. ఇక చేయాల్సిందల్లా ప్రాసెసర్‌లో ఆ డిలే తీసేసి, బేస్ పెంచి, లిమిటర్ కాస్త వదలడం. పది నిమిషాల పని.

బటన్ నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది.

పాట వేసి చూద్దామని వేశా. రెండు టాపుల్లో పాట ఒకసారి, మిగతా రెండింట్లో అదే పాట వెనకాలే ఇంకోసారి. ఆ 44 మిల్లీసెకన్ల డిలే అలాగే ఉంది మరి! డప్పు దెబ్బ పడితే టక్ టక్ అని రెండు వినిపిస్తున్నాయి. పెళ్ళికూతురు మేనమామ కుర్చీలు వేయిస్తున్నవాడు ఆగి "ఏందబ్బయ్యా, నీ పాట పాడినోడే మళ్ళీ ఎనకాల పాడతా ఉండాడే" అన్నాడు. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. సరే, ఫోన్ ఉంది కదా అనుకున్నా.

ఇక్కడి నుంచి మాత్రం ఒక్క మాట కూడా వదలకుండా రాస్తా.

"అన్నా, ప్రాసెసర్ పాస్‌వర్డ్ అడుగుతోంది, నంబర్ చెప్పన్నా" అన్నా. "ఏ పాస్‌వర్డ్?" అన్నాడు. మొన్న నువ్వే పెట్టావు కదన్నా అంటే "ఓ అదా, అది నా సెట్టింగు తమ్ముడూ" అన్నాడు. ఇక్కడ ఓపెన్ గ్రౌండు, డిలే తీయాలి, జనం వచ్చేస్తున్నారు అని బతిమాలా. వెనకాల ఎవరో నవ్వుతున్నారు, గ్లాసుల చప్పుడు, ఫోన్ స్పీకర్‌లో పెట్టాడని తెలిసిపోతోంది. "సెట్టింగ్ మార్చాలంటే ఐదు వేలు. ఏ ప్రోగ్రాంకైనా అంతే రేటు. ఫోన్‌పే కొట్టు, చెప్తా" అన్నాడు. సెట్టు నేను కొనుక్కున్నది కదన్నా అన్నా. అప్పుడన్నాడు ఆ మాట.

"బాక్సులు అమ్మాను తమ్ముడూ, బుర్ర అమ్మలేదు."

మళ్ళీ నవ్వులు. ఇల్లు అమ్మి తాళంచెవి జేబులో వేసుకుని పోయినట్టు ఉంది ఈయన వ్యవహారం. మూడు లక్షల ఎనభై వేలు తీసుకునేటప్పుడు లేని ఈ బుర్ర లెక్క అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో! "ఏ హాలైనా ఏ గ్రౌండైనా" అంటే చోటు మారినప్పుడల్లా ఐదు వేలు కట్టాలని అర్థమట, మనకే తెలియలేదు. పక్కన నా తమ్ముడు వింటున్నాడు, మేనమామ వింటున్నాడు. నోటికొచ్చింది అనాలనిపించింది కానీ అంటే నంబర్ చెప్పడేమో అని, సిగ్గు లేకుండా "సరే అన్నా, కొడుతున్నా అన్నా" అన్నా. ఐదు వేలు పంపా. డబ్బు పడిందన్న శబ్దం ఆయన ఫోన్‌లో నాకే వినిపించింది. నాలుగు అంకెలు చెప్పాడు. కొట్టా, తప్పు అంది. మళ్ళీ కొట్టా, తప్పే. ఫోన్ చేస్తే ఎత్తలేదు, మెసేజ్ పెడితే చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, ఆ తర్వాత ఫోన్ స్విచ్ ఆఫ్.

డబ్బు పోయినందుకు కాదు అంత మంట. చూసి కూడా జవాబు ఇవ్వలేదే, ఆ నీలం గీతలు.

ప్రాసెసర్‌ని రీసెట్ చేసేద్దామా అన్నాడు తమ్ముడు. చేస్తే లాక్‌తో పాటు క్రాసోవర్ కూడా ఎగిరిపోతుంది, బేస్‌లకి ఏ సౌండు పోవాలి టాపులకి ఏది పోవాలి అన్న విభజన మొత్తం పోతుంది, జనం ముందు టాపులు కాలితే ఇంకో లక్ష. వద్దన్నా. చివరికి వాడే ఒక ఆలోచన చేశాడు, వెనక బాక్సుల యాంప్లిఫయర్‌కి వెళ్ళే వైరు పీకేసి, ముందు యాంప్లిఫయర్ లింక్ నుంచి దానికి కేబుల్ వేశాడు, అంటే నాలుగు టాపులకీ డిలే లేని ఒకే సిగ్నల్. డబుల్ పోయింది. కానీ బేస్ రాలేదు. యాంప్లిఫయర్ నాబులు ముందే ఫుల్లులో ఉన్నాయి, మిక్సర్‌లో పెంచితే ప్రాసెసర్‌లో లిమిటర్ గొంతు పట్టుకుంటోంది. నాలుగు డబుల్ ఎయిటీన్‌లు పెట్టుకుని ఊరి ఆటోలో వచ్చేంత బేస్! డాన్స్ చేద్దామని వచ్చిన కుర్రాళ్ళు కాసేపు నిలబడి, బిర్యానీ వైపు వెళ్ళిపోయారు.

ఇదంతా అయ్యేసరికి తొమ్మిది దాటింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది, ఆ ఊళ్ళో ముందే పోలీసులు చెప్పి వెళ్ళారు. పదికి ఆపేశాం. అంటే అసలు మోగింది గంట కూడా లేదు. మాట్లాడుకున్న డబ్బుల్లో పది వేలు కోశారు, వాళ్ళని అనడానికి ఏముంది, నేనైనా కోసేవాణ్ణి.

లైట్ల కథ ఇంకోటి. హాల్లో ట్రస్సు (పైన కట్టే చట్రం) నుంచి తలకిందులుగా వేలాడదీసిన షార్పీలు ఇక్కడ నేల మీద నిలబెట్టాం, పాన్ టిల్ట్ (లైటు పక్కలకీ, పైకీ కిందకీ తిరిగే తీరు) తిరగేసుకోవాలి, పొజిషన్లన్నీ మళ్ళీ రాసుకోవాలి, లేకపోతే లైటు జనం కళ్ళల్లో కొడుతుంది. అది మన పనే, చేసుకున్నాం. కానీ షాపులో చీకటి గదిలో పొగ నింపి చూపించినప్పుడు కత్తుల్లా కనిపించిన బీములు ఇక్కడ టార్చిలైటులా ఉన్నాయి. సముద్రం గాలికి పొగ నిలవదు, పొగ లేకపోతే బీము కనపడదు, అది ఆయన తప్పు కాదు. లాంపులు చివరి దశలో ఉండటం మాత్రం ఆయన తప్పే. మెనూలో లాంప్ గంటలు తక్కువే చూపిస్తోంది, ఆ లెక్కని సున్నా చేయొచ్చని నాకు తర్వాత ఒక అన్న చెప్పాడు. మంచు పడినా ఏం కాదన్న షార్పీల్లో ఒకటి తెల్లారి వెలగలేదు. వెనక స్టిక్కర్ చూస్తే ఐపీ20, అంటే నీటి నుంచి ఏ రక్షణా లేనిది. ఆరుబయటకి ఐపీ65 ఉండాలి.

తర్వాత నెల్లూరు వెళ్ళా, 120 కిలోమీటర్ల పైనే, ట్రాన్స్‌పోర్ట్ బండి అన్నని బతిమాలి ర్యాకు కూడా తీసుకెళ్ళా. కుర్చీలోంచి లేవలేదు మనిషి. ఐదు వేలు ఏవి అంటే "నంబర్ చెప్పాను కదా, నువ్వు సరిగ్గా కొట్టలేదు" అన్నాడు. ఇప్పుడు కొట్టు నా ముందు అంటే "ఇప్పుడు కొత్త రేటు" అన్నాడు. నిజంగా అన్నాడండీ. కన్స్యూమర్ కోర్టుకి వెళ్తానంటే నవ్వి, వ్యాపారానికి కొన్నోడికి ఆ కోర్టు లేదు పో అన్నాడు. తెలిసిన లాయర్ గారిని అడిగా. వ్యాపారం కోసం కొంటే లేదన్న మాట సగమే నిజమట, తన పొట్ట కోసం తానే నడుపుకునే స్వయం ఉపాధికి కొన్నవాళ్ళకి 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మినహాయింపు ఉందట. నేను ఉండే ఒంగోలులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చట, ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. బిల్లు లేదు కాబట్టి ఫోన్‌పే రికార్డులు, వాట్సాప్ మెసేజీలు, ఆయన వీడియో అన్నీ దాచిపెట్టా. మీలో ఎవరికైనా ఇలాగే అయితే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, కేసు దాకా వెళ్ళకపోయినా అదొక కాగితం.

ఇంకా, కొనేటప్పుడు ప్రాసెసర్ పాస్‌వర్డ్ మీ ముందే మార్పించుకోండి, ప్రీసెట్ ఫైలు (సెట్టింగులన్నీ దాచిన ఫైలు) పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. షాపు గదిలో డెమో చూసి మురిసిపోకండి, కనీసం రోడ్డు మీదకన్నా తెచ్చి మోగించమనండి. షార్పీని పగలు వెలిగించి చూడండి. ఇంతే, నాకు రాసే ఓపిక లేదు.

ఒక సాయం కావాలి. ఈ శుక్రవారం మార్కాపురంలో ప్రోగ్రాం ఉంది, రేకుల షెడ్డు ఫంక్షన్ హాలు, మళ్ళీ ఇంకో రకం గోల. ఒంగోలు, మార్కాపురం, పొదిలి వైపు ఎవరి దగ్గరన్నా రెండు ఇన్ ఆరు అవుట్ ప్రాసెసర్, లాక్ లేనిది, ఒక్క రోజుకి అద్దెకి ఉంటే చెప్పండి. అడ్వాన్స్ పంపిస్తా, కాకపోతే పాస్‌వర్డ్ నా చేతికొచ్చాకే.